బస్టాండులో ఏది ఉచితం కావాలి?

నారాయణఖేడ్‌లో పొద్దున బస్సెక్కి హైదరాబాద్‌లో ఆసుపత్రికి బయల్దేరిన మహిళకు కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. వంద కిలోమీటర్లకు పైబడిన ఆ దారికి ఆమె పైసా చెల్లించక్కర్లేదు. బస్సు దిగి మరుగుదొడ్డికి వెళ్లబోతే మాత్రం గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న మనిషి చిల్లర అడుగుతాడు. దూపైతే నీళ్ల సీసా కొనుక్కోవాలి. అంత దూరం ఉచితంగా తీసుకొచ్చిన వ్యవస్థ చివరి ఇరవై అడుగుల దగ్గర జేబు తడమమంటుంది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ మహిళలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. 2025 జూలైకల్లా ఇలాంటి ప్రయాణాలు 200 కోట్లకు చేరాయి. వాటి టికెట్ల విలువ సుమారు రూ.6,680 కోట్లని ప్రభుత్వం లెక్క చెప్పింది. కర్ణాటక 2023 జూన్‌లో శక్తి పథకంతో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తితో ఇదే దారి పట్టాయి. కిరాయి గురించి ఇన్ని రాష్ట్రాలు ఇంత పెద్ద నిర్ణయాలు తీసుకున్నాయి. బస్సు కోసం ఎదురుచూసే గంటల గురించి, ఆ గంటల్లో మనిషి ఒంటికి కావలసిన వాటి గురించి అంత గట్టి నిర్ణయం ఎక్కడా రాలేదు.

బస్టాండు, రైల్వే స్టేషన్, విమానాశ్రయం, మెట్రో స్టేషన్ వంటి చోట్ల ఏయే సౌకర్యాలు ఉచితంగా ఉండాలి? ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. ప్రజల డబ్బుతో నడిచే చోటు కాబట్టి అన్నీ ఉచితంగా ఉండాలనేది ఒకటి. ఉచితమంటే ఎవరూ పట్టించుకోరు, వాడుకున్నవారే చెల్లించాలనేది రెండోది. ప్రాణావసరాలు వేరు, సుఖాలు వేరు, గీత ఆ రెంటి మధ్య గీయాలనేది మూడోది. మూడింటి వెనకా అనుభవం ఉంది. వాటిని పెద్ద నగరం నుంచి చూడటం కన్నా నారాయణఖేడ్ లాంటి ఊరి నుంచి చూస్తే అసలు సంగతి తేటగా కనబడుతుంది.

ఎదురుచూపుల ఊరు

నారాయణఖేడ్‌కు రైలు లేదు. రైలెక్కాలంటే జహీరాబాద్‌కో బీదర్‌కో వెళ్లాలి. సంగారెడ్డి జిల్లా పడమటి అంచున ఉన్న ఈ పట్టణానికి బస్సే ఆధారం. ఇక్కడ ఆర్టీసీ డిపో ఉంది. చుట్టూ పల్లెలు, లంబాడా తండాలు. చెరకు నరకడానికి, ఇళ్ల కట్టుబడి పనులకు దూర ప్రాంతాలకు వలస వెళ్లే కుటుంబాలకు ఇక్కడ కొదవలేదు. పిల్లాజెల్లా, మూటాముల్లె, వంటగిన్నెలతో సహా కదిలే ప్రయాణం వారిది.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. ఆ తర్వాత మెదక్ జిల్లాలో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు, ఆసుపత్రి పనులు మాత్రం జిల్లా హద్దులను పట్టించుకోలేదు. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ ఒకే ప్లాట్‌ఫారం మీద వినిపించే ప్రాంతమిది. నిజాంపేట నుంచి నారాయణఖేడ్ మీదుగా బీదర్ వెళ్లే రోడ్డు ఇప్పుడు 161బి జాతీయ రహదారి. బీదర్ బస్సెక్కిన మహిళకు రాష్ట్ర సరిహద్దు దాకా మహాలక్ష్మి వర్తిస్తుంది, ఆపైన టికెట్ కొనాలి. శక్తి పథకం కర్ణాటక వాసులకే కాబట్టి ఆవల ఆమెకు ఆ వెసులుబాటు లేదు. కిరాయి విషయంలో రాష్ట్రం మారితే రూలు మారడం అర్థమవుతుంది. దాహానికి, మూత్రానికి అలాంటి సరిహద్దు ఉండదు.

ఇలాంటి చోట ప్రయాణంలో పెద్ద భాగం ఎదురుచూపే. తండాకు వెళ్లే బస్సు తప్పిపోతే మరో బస్సు వచ్చేదాకా గంటల తరబడి అక్కడే కూర్చోవాలి. నగరంలోనైతే బస్టాండు బయట హోటళ్లు, మాల్‌లు, ఆసుపత్రులు ఉంటాయి, ఏదో ఒక తలుపు తెరుచుకుంటుంది. చిన్న పట్టణంలో బస్టాండే దిక్కు. అంగడి రోజున సంతకొచ్చిన రైతుకూ, కూరగాయలమ్మే ఆమెకూ, తహసీల్ ఆఫీసు పనిమీద వచ్చిన ముసలాయనకూ అదే నీడ, అదే కుళాయి, అదే మరుగుదొడ్డి. పేరుకు అది ఆర్టీసీది. వాడకంలో ఊరందరిది. ఖర్చు ఎవరు భరించాలన్న చర్చ దగ్గర ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

దారి పక్క నీళ్లు

బాటసారికి ఉచితంగా ఏదో ఒకటి సమకూర్చాలన్న ఆలోచన ఈ నేలకు పాతదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలోని రెండో శాసనం, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్టు, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించినట్టు చెబుతుంది. అంటే క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే, తెలుగువారుండే నేల మీద, ప్రయాణికుడి నీడనూ నీళ్లనూ రాజ్యం తన పనిగా రాయించి పెట్టుకుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ దగ్గర షేక్‌పేట సరాయి లాంటివి వెలిశాయి. సత్రాలు, చలివేంద్రాల సంగతి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ఎండలు ముదరగానే ఇప్పటికీ బస్టాండు గేటు పక్కన పందిరి వేసి, తడిగుడ్డ చుట్టిన కుండలు పెట్టి, నీళ్లు పోసే మనిషిని కూర్చోబెట్టే దాతలున్నారు.

ఆ దాతృత్వం గొప్పదే, దానికి హద్దులూ ఉన్నాయి. చలివేంద్రం ఎండాకాలంతో ముగుస్తుంది. దాత ఊరు వదిలితే పందిరి లేస్తుంది. వెనకటి రోజుల్లో నీళ్లు అందరికీ ఒకేలా అందలేదు కూడా. బ్రిటిష్ హయాంలో రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరుగా, ముస్లింలకు వేరుగా నీళ్లు పోసేవారు. 1901లో బాలుడైన అంబేడ్కర్ తన అన్నతో, బంధువుల పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగాడు. ఆ పిల్లల కులం తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. అక్కడినుంచి ఎడ్లబండిలో రాత్రిపూట సాగిన ప్రయాణంలో వాళ్ల దగ్గర తిండి ఉండి కూడా తాగడానికి నీళ్లు దొరకలేదు. ఈ అనుభవాన్ని ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో నమోదు చేశాడు.

అందువల్ల పైపు బిగించిన కుళాయి చిన్న విషయమేమీ కాదు. అది పేరడగదు, కులమడగదు, టికెట్ చూపించమనదు. దయ మీద ఆధారపడ్డ నీళ్లకూ హక్కుగా అందే నీళ్లకూ ఉన్న తేడా అక్కడుంది. ఈరోజు ఆ కుళాయి ఎండిపోయి, పక్క దుకాణంలో సీసా మాత్రమే మిగిలితే, వెనకట కులం చేసిన వడపోతను ఇప్పుడు డబ్బు చేస్తుంది.

చట్టంలో ఉన్న చిక్కు

హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932లో మొదలయ్యాయి. నిజాం స్టేట్ రైల్వేకి అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని ప్రారంభించింది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. దాని పేరే 2024లో టీజీఎస్ ఆర్టీసీ అయింది. పేర్లు ఎన్ని మారినా 1958 నుంచి వచ్చిన ఈ సంస్థలకు పునాది ఒకటే: రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950.

ఆ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలి. 30వ సెక్షన్ లాభాల పంపకం గురించి చెబుతుంది. వడ్డీలు, తరుగుదల వగైరాలు పోగా మిగిలిన నికర లాభంలో ప్రభుత్వం నిర్ణయించిన శాతాన్ని ప్రయాణికుల సౌకర్యాలకు, కార్మికుల సంక్షేమానికి వాడవచ్చని అందులో ఉంది. చదవడానికి బాగానే ఉంటుంది. నష్టాల్లో నడిచే సంస్థకు ఆ సెక్షన్ వల్ల దక్కేదేమిటి? లాభం వస్తేనే నీళ్లు, మరుగుదొడ్లు అన్న అర్థం వచ్చేలా ఉన్న ఈ అమరిక, సౌకర్యాన్ని ప్రయాణంలో భాగంగా కాక మిగులు డబ్బుతో చేసే పనిగా చూసింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

రైల్వేలది వేరే పద్ధతి. ప్రతి స్టేషన్‌నూ ప్రయాణికుల సంఖ్య, ఆదాయాలను బట్టి వర్గాలుగా విడగొట్టి, ఏ వర్గపు స్టేషన్‌లో తప్పనిసరిగా ఎన్ని తాగునీటి కుళాయిలు, ఎన్ని మరుగుదొడ్లు, ఎంత నీడ, ఎన్ని కూర్చునే చోట్లు ఉండాలో రైల్వే బోర్డు ముందే రాసిపెట్టింది. కనీస అవసర సౌకర్యాలన్న ఆ జాబితా లాభనష్టాలతో ముడిపడలేదు. అమలులో లోపాలు ఎన్నైనా ఉండొచ్చు, అడగడానికి ఒక కొలత ఉంది. జహీరాబాద్ స్టేషన్ అమృత్ భారత్ పథకంలో చేరింది. నారాయణఖేడ్ ప్రయాణికుడు జహీరాబాద్ రైల్వే స్టేషన్‌లో ఇన్ని కుళాయిలు ఉండాలని కాగితం చూపించి అడగగలడు. అలాంటి కొలత ప్రతి బస్టాండుకూ ఉంటే తన ఊళ్లోనూ అలాగే అడగగలడు.

విమానాశ్రయంలో సంగతి మరీ విచిత్రం. శంషాబాద్‌లో తాగునీరు, మరుగుదొడ్డి, చల్లని హాలు ఎవరూ డబ్బడగకుండానే దొరుకుతాయి. నిజానికి అవి ఊరికే వచ్చినవి కావు. విమాన టికెట్‌లోనే వినియోగదారు అభివృద్ధి రుసుము కలిసి ఉంటుంది. వేలు పెట్టి టికెట్ కొన్నవారి దగ్గర ముందే తీసుకుని గుమ్మం దగ్గర మర్యాదగా వదిలేస్తున్నారు. కూలికి పోయే మనిషి దగ్గర గుమ్మం దగ్గరే వసూలు చేస్తున్నారు.

బస్సు ప్రయాణికుడు ముందే చెల్లించడం లేదా అంటే, అదీ కాదు. తెలంగాణ ఆర్టీసీ 2022లో టికెట్ మీద వేసిన, పెంచిన సెస్సుల్లో ప్రయాణికుల సౌకర్యాల సెస్ కూడా ఉంది. సౌకర్యాల పేరు చెప్పి టికెట్‌లో తీసుకున్నాక, అదే సౌకర్యానికి తలుపు దగ్గర మళ్లీ తీసుకోవడం ఏ వ్యాపార సూత్రానికీ పొసగదు. జీరో టికెట్ మీద ప్రయాణించే మహిళ ఏమీ చెల్లించలేదు కదా అనవచ్చు. ఆమె కిరాయిని ప్రభుత్వం సంస్థకు తిరిగి చెల్లిస్తానని ఒప్పుకుంది. ఆ బాకీ ఎప్పటికప్పుడు తీర్చడం ప్రభుత్వం బాధ్యత. దాని ఆలస్యానికి ఆమెను మరుగుదొడ్డి దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు.

వాడుకున్నవారే చెల్లించాలన్న వాదం

డబ్బు తీసుకోవాలనేవారి మాటల్ని తేలిగ్గా తోసేయలేం. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థను స్థాపించారు. 1974లో పట్నాలో డబ్బు చెల్లించి వాడుకునే మరుగుదొడ్లు మొదలుపెట్టారు. అప్పటిదాకా ప్రభుత్వ మరుగుదొడ్డి అంటే ముక్కు మూసుకుని పరిగెత్తే చోటు. చిన్న రుసుముతో మనిషిని కాపలా పెట్టి, నీళ్లు, సబ్బు ఉంచి శుభ్రంగా నడపవచ్చని సులభ్ చూపించింది. దేశంలోని బస్టాండ్లు, స్టేషన్లు ఆ నమూనానే అందిపుచ్చుకున్నాయి. జీతగాడు లేని ఉచిత మరుగుదొడ్డి వారం తిరక్కుండా తాళం పడే గది అవుతుందన్నది చాలా ఊళ్లు చూసిన నిజం.

అమెరికా అనుభవం దీనికి ఇంకో సాక్ష్యం. అక్కడ నాణెం వేస్తేనే తెరుచుకునే మరుగుదొడ్లు ఒకప్పుడు దేశమంతా ఉండేవి. మగవారి మూత్రశాలలు ఉచితం, ఆడవారు మాత్రం ప్రతిసారీ నాణెం వేయాలి. ఈ వివక్షను ఎత్తిచూపడానికి కాలిఫోర్నియా శాసనసభ్యురాలు మార్చ్ ఫాంగ్ యూ 1969లో శాసనసభ భవనం మెట్ల మీద మరుగుదొడ్డి బేసిన్‌ను సమ్మెటతో పగలగొట్టింది. 1970లో కొందరు యువకులు డబ్బుల మరుగుదొడ్లను అంతం చేసేందుకు ఏకంగా ఒక సంఘమే పెట్టారు. షికాగో 1973లో, న్యూయార్క్ రాష్ట్రం 1975లో వాటిని నిషేధించాయి. పదేళ్లు తిరిగేసరికి అవి దాదాపు మాయమయ్యాయి. వాటి చోట ఉచితమైనవి రావాలి కదా, చాలా నగరాల్లో రాలేదు. రుసుము రద్దు చేసిన చట్టం నిర్వహణకు పైసా కేటాయించలేదు. డబ్బుల తలుపుతో పాటు తలుపే పోయింది.

అదే పని బ్రిటన్‌లో మరోలా జరిగింది. పెద్ద రైల్వే స్టేషన్లను నడిపే నెట్‌వర్క్ రైల్ 2019 ఏప్రిల్‌కల్లా తన స్టేషన్ల మరుగుదొడ్లలో రుసుము ఎత్తేసింది. అంతకుముందు కొన్ని చోట్ల 50 పెన్స్ దాకా తీసుకునేవారు. ఖర్చు స్టేషన్ నిర్వహణలో కలిపేసింది, తలుపులు తెరిచే ఉన్నాయి. జపాన్ రైల్వే స్టేషన్లలో మరుగుదొడ్లు ఉచితమే, శుభ్రతకూ పేరుపడ్డవే. ఈ మూడు దేశాల్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది: శుభ్రత రుసుము నుంచి రావడం లేదు, రోజూ ఊడ్చి కడిగే మనిషికి జీతం ఖాయంగా అందడం నుంచి వస్తోంది. ఆ జీతం ఏ పద్దులోంచి వచ్చినా పని జరుగుతుంది, ఏ పద్దూ లేకపోతే జరగదు.

మన దగ్గర గుత్త పద్ధతి ఈ సూత్రాన్ని తలకిందులు చేస్తోంది. వేలంలో ఎక్కువ మొత్తం పాడినవారికి మరుగుదొడ్డి నిర్వహణ అప్పగిస్తే, ఆ మొత్తాన్ని రాబట్టుకోవడమే వారి మొదటి పని అవుతుంది. బోర్డు మీద రాసిన ధరకూ చేతికి అడిగే ధరకూ తేడా అక్కడే పుడుతుంది. కడగడానికి పెట్టే ఖర్చు వారికి నష్టంలా కనిపిస్తుంది. మరుగుదొడ్డిని ఆదాయ వనరుగా చూసినంతకాలం ఇది మారదు.

హైదరాబాద్ మెట్రో వెనకడుగు కూడా ఇక్కడ చెప్పాలి. స్టేషన్లలో ఉచితంగా ఉన్న మరుగుదొడ్లకు 2023 జూన్ నుంచి రూ.5, మూత్రశాలకు రూ.2 చొప్పున రుసుము పెట్టారు. చిన్న మొత్తమే అనిపిస్తుంది. ఈ చిన్న మొత్తాలను కుటుంబం లెక్కన కూడాలి. అయిదు రూపాయల చొప్పున నలుగురు, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అంటే నలభై రూపాయలు. రెండు సీసాల నీళ్లు కలిస్తే ఎనభై. పల్లె వెలుగులో ప్రయాణించే ఇంటికి అది ఒక పూట కూరగాయల ఖర్చు.

ఆడవారి లెక్క వేరు

ఈ వ్యవస్థలో ఎక్కువ చెల్లించేది ఎప్పుడూ ఆడవారే. ముంబైలో 2011లో మొదలైన ‘రైట్ టు పీ’ ఉద్యమం బయటపెట్టింది ఇదే. మగవారి మూత్రశాల ఉచితం, ఆడవారికి అలాంటి గదే లేదు కాబట్టి మరుగుదొడ్డి ధర చెల్లించాలి. తెలుగు ఊళ్లలో పరిస్థితి దీనికి భిన్నమేమీ కాదు. మగవాడు ప్రహరీ గోడ చాటుకు పోతాడు. ఆడమనిషి ఊరు చేరేదాకా బిగబట్టుకుంటుంది. బిగబట్టుకోవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లే తాగదు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, ఎండదెబ్బ ఈ అలవాటు వెంటే వస్తాయి. బహిష్టు రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ ఉన్న పెద్దావిడకు ఈ కష్టం రెట్టింపు. మహాలక్ష్మి తర్వాత బస్సుల్లో మహిళల సంఖ్య ఎంతో పెరిగింది. బస్టాండ్లలో వారికోసం కట్టిన గదుల సంఖ్య కూడా అదే లెక్కన పెరగాలి.

2024 జూన్‌లో కరీంనగర్ బస్టాండులో జరిగింది తెలంగాణ అంతా విన్నది. ఒడిశా నుంచి వచ్చిన వలస కూలీ కుటుంబపు మహిళకు బస్టాండులోనే నొప్పులు మొదలయ్యాయి. అక్కడి పారిశుద్ధ్య సిబ్బంది, సూపర్‌వైజర్లు చీరలు అడ్డుకట్టి పురుడు పోశారు. తల్లీబిడ్డా క్షేమంగా ఆసుపత్రికి చేరారు. సంస్థ ఆ పాపకు జీవితకాల ఉచిత పాస్ ఇచ్చి, సిబ్బందిని సన్మానించింది. ఆ ఆడవాళ్ల చొరవకు ఎంత దండం పెట్టినా తక్కువే. వాళ్లు చీరలు కట్టాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం కట్టడాల నమూనాలు గీసేవారు గుర్తుపెట్టుకోవాలి. తలుపున్న ఒక చిన్న గది, ఒక మంచం, ప్రథమ చికిత్స పెట్టె ప్రతి బస్టాండులో ఉంటే మొదటి సాయం అక్కడ అందుతుంది.

తమిళనాడు ఈ దిశలో ముందు నడిచింది. 2015 ఆగస్టులో జయలలిత ప్రభుత్వం రాష్ట్రమంతటా బస్టాండ్లలో మూడు వందలకు పైగా పాలిచ్చే గదులు తెరిచింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదుల అవసరాన్ని నొక్కి చెప్పింది. అంతకు నెల ముందు, 2025 జనవరి 15న, కోర్టు ప్రాంగణాల్లో మరుగుదొడ్ల గురించి ఇచ్చిన తీర్పులో మరుగుదొడ్డి అందుబాటును 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా చూసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం బస్టాపులు, స్టేషన్లు, విమానాశ్రయాల్లోని మరుగుదొడ్లు, టికెట్ కౌంటర్లు వారికి అందుబాటులో ఉండాలని 41వ సెక్షన్‌లో చెబుతోంది. న్యాయం చెప్పాల్సినంత చెప్పింది.

ఎండ సంగతి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో మరణించినవారి కుటుంబానికి రూ.4 లక్షలు ఇవ్వాలని నిర్ణయించింది. మంచి నిర్ణయమే. బస్టాండులో నీడ, చల్లని నీళ్లు, కూర్చునే బల్ల ఇచ్చేది ఆ మరణాన్ని ముందే ఆపడానికి. పరిహారానికి ఒక పద్దు తెరిచిన ప్రభుత్వం నివారణకు అంతకన్నా చిన్న పద్దు తెరవలేదా?

ఏది ఉచితం కానక్కర్లేదు

అన్నీ ఉచితంగా ఉండాలనే వాదానికి రైల్వే వైఫై మంచి పరీక్ష. గూగుల్, రైల్‌టెల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో ఉచిత వైఫై మొదలుపెట్టాయి. 2018 జూన్‌కల్లా 400 స్టేషన్లలో వచ్చింది. ఎర్నాకుళం స్టేషన్‌లో మూటలు మోసే ఒక కూలీ ఆ వైఫైతో పాఠాలు వింటూ కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష గట్టెక్కాడని 2018లో దేశమంతా చెప్పుకుంది. రెండేళ్లు తిరక్కుండానే, 2020లో, మొబైల్ డేటా చవకైందంటూ గూగుల్ తప్పుకుంది. రైల్‌టెల్ సేవ వేలాది స్టేషన్లలో కొనసాగుతోంది, దాని అవసరం మునుపంత లేదు. కాలంతో పాటు మారే సౌకర్యాల జాబితా వేరు. నీళ్లు, నీడ, మరుగుదొడ్డి అశోకుడి నాడు ఎంత అవసరమో ఇవాళా అంతే అవసరం.

కాబట్టి ఏసీ వెయిటింగ్ హాలు, సామాను గది, వాహనాల పార్కింగ్, ఫలహారం, కూల్‌డ్రింకుల వంటివాటికి డబ్బు తీసుకుంటే తప్పేమీ లేదు. తెలంగాణ ఆర్టీసీ 2023 జనవరిలో ‘జీవా’ పేరుతో సొంత నీళ్ల సీసా తెచ్చింది. అదే ఏడాది మేలో విజయవాడ ఈ-గరుడ బస్సుల్లో చిరుతిళ్ల డబ్బా మొదలుపెట్టి, రూ.30 టికెట్‌లోనే కలిపింది. కొనుక్కోగలవారికి మంచి సరుకు అమ్మి సంస్థ నాలుగు డబ్బులు సంపాదిస్తే అందరికీ మేలే. ఉచిత నీటి కుళాయి పనిచేస్తున్నంతవరకే ఈ మాట నిలుస్తుంది. కుళాయి పాడైతే సీసా అమ్మకం పెరుగుతుంది కాబట్టి, కుళాయి బాధ్యతా సీసా లాభమూ ఒకే చేతిలో పెట్టకూడదు.

ఉచితానికీ దోపిడీకీ మధ్య మరో మెట్టు కూడా ఉంది. విమానాశ్రయాల్లో టీ ధరల మీద గోల పెరిగాక, శ్రీకాకుళానికి చెందిన కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 డిసెంబర్‌లో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ ప్రారంభించారు. అక్కడ టీ పది రూపాయలు, నీళ్ల సీసా పది రూపాయలు. ఒక్క దుకాణం న్యాయమైన ధర పెడితే పక్కవారికీ హద్దు తెలుస్తుంది. బస్టాండు దుకాణాల్లో ఎమ్మార్పీ మీద అదనంగా తీసుకోకుండా చూడాలన్నా ఇలాంటి ఒక పోటీ దుకాణం బాగా పనిచేస్తుంది.

రోడ్డు మీద ఇంకో ఆసరా పెట్రోలు పంపు. గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలని చమురు సంస్థల నిబంధనలే చెబుతాయి. తమ మరుగుదొడ్లను ఊరందరికీ తెరవమంటే కుదరదని కేరళలో పంపుల యజమానులు హైకోర్టుకు వెళ్లారు. 2025లో సాగిన ఆ విచారణలో, జాతీయ రహదారుల మీది పంపుల్లో ప్రయాణికులకు ఆ సౌకర్యం ఉండాల్సిందేనని కోర్టు చెప్పింది. నారాయణఖేడ్ మీదుగా జాతీయ రహదారి వెళ్తోంది కాబట్టి ఇక్కడి పంపులకూ ఈ చర్చ దూరమైనదేమీ కాదు.

చేయవలసిన పనులు

ఉదాహరణలన్నీ కలిపి చూస్తే, ప్రాణావసరాలకూ సుఖాలకూ మధ్య గీత గీయాలన్న మూడో జవాబే నిలుస్తుంది. అయితే దానికి ఒక షరతు ఉంది. తాగునీరు, మరుగుదొడ్డి, మూత్రశాల, నీడ, కూర్చునే చోటు, పాలిచ్చే గది, చక్రాల కుర్చీ, ప్రథమ చికిత్స, బస్సుల వేళలు చెప్పే బోర్డు: ఇవి ఎవరినీ ఏమీ అడగకుండా అందరికీ దొరకాలి. వీటి నిర్వహణకు పేరుపెట్టి ఒక పద్దు, పేరుపెట్టి ఒక బాధ్యుడు ఉండాలి. ఆ రెండూ లేకుండా ఉచితమని బోర్డు రాయడం అమెరికా చేసిన పొరపాటును మన బస్టాండుకు తెచ్చుకోవడమే.

మొదటిది, గుత్త తిరగబడాలి. మరుగుదొడ్డి నడిపేవారు సంస్థకు డబ్బు కట్టే పద్ధతి పోయి, శుభ్రంగా ఉంచినందుకు సంస్థే వారికి నెలనెలా చెల్లించే పద్ధతి రావాలి. ఫిర్యాదులొస్తే బిల్లులో కోత పడాలి. పట్టణంలోని మహిళా పొదుపు సంఘాలకు ఈ పని అప్పగిస్తే ఆడవారికి ధైర్యంగానూ ఉంటుంది, కొన్ని ఇళ్లకు జీతమూ దొరుకుతుంది.

రెండోది, డబ్బు. టికెట్‌లో వసూలైన సౌకర్యాల సెస్‌లో తమ డిపో వాటా ఎంత, దానితో ఏం చేశారన్నది బస్టాండు గోడ మీద రాసిపెట్టాలి. దుకాణాల అద్దెల్లో ఒక వంతు అదే పద్దులో పడాలి. అంగడి జనమంతా వాడుకునే మరుగుదొడ్డి కాబట్టి మున్సిపాలిటీ కూడా వాటా పెట్టాలి. నారాయణఖేడ్ 2018లో మున్సిపాలిటీ అయింది. పట్టణ పారిశుద్ధ్యానికి వచ్చే నిధుల్లో బస్టాండు లెక్కలోకి రాకపోవడానికి కారణం లేదు.

మూడోది, కొలత. రైల్వేలకున్నట్టే బస్టాండ్లకూ వర్గాలవారీగా కనీస సౌకర్యాల జాబితా రాష్ట్రం ప్రకటించాలి. రోజుకు ఇన్ని వేలమంది వచ్చే బస్టాండులో ఆడవారికి ఇన్ని గదులు, ఇన్ని కుళాయిలు అని రాయాలి. జీరో టికెట్ల లెక్క యంత్రంలో నమోదవుతూనే ఉంది కనుక, ఏ బస్టాండులో ఎంతమంది మహిళలు ఎక్కుతున్నారో సంస్థకు తెలియనిదేమీ లేదు. ఆ లెక్కను బట్టే గదులు కట్టాలి. 1950 చట్టంలోని 30వ సెక్షన్ లాభంలోంచి సౌకర్యాలన్నది. ఇక నుంచి అది కిరాయిలో భాగమైన మొదటి ఖర్చు కావాలి.

ఇవి మొదలుపెట్టడానికి హైదరాబాద్ కన్నా నారాయణఖేడ్ అనువైన చోటు. ఒక డిపో, ఒక మున్సిపాలిటీ, ఒక రెవెన్యూ డివిజన్ ఆఫీసు అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. లెక్క చిన్నది, ఫలితం తొందరగా తెలుస్తుంది. బీదర్ రోడ్డు విస్తరణతో రాకపోకలు పెరుగుతాయి, పక్క రాష్ట్రం ప్రయాణికులూ ఎక్కువవుతారు. సంస్థ, పట్టణం కలిసి చేసుకోవాల్సిన ఒప్పందం నాలుగు పేజీలకు మించదు. అందులో కుళాయిలు, గదుల సంఖ్యతో పాటు, చివరి బస్సు వెళ్లిపోయాక ఆడవారి మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, రాత్రి కాపలా ఉండే మనిషి జీతం ఏ పద్దు నుంచి ఏ తేదీన అందుతుందో కూడా రాసి, ఆ కాగితం నకలును టికెట్ కౌంటర్ పక్కన అతికించాలి.